నాకు తిట్టం రాదు

మా ఊళ్ళో తిట్టం అంటే ప్లాను. తమిళ మాట. గవర్నమెంటు కొత్త రోడ్డు వేస్తామన్నా తిట్టమే, మిల్లువాళ్ళు కొత్త షెడ్డు కడతామన్నా తిట్టమే, మా ఆడపడుచు తన కూతురి పెళ్ళికి ఎవరెవరు ఏ వ్యానులో ఎక్కాలో రాసుకున్నా తిట్టమే. రాజపాళయంలో పుట్టి ఇంట్లో తెలుగు మాట్లాడుకునే మాకు దీనికి ఇంకో మాట లేదు. ప్రణాళిక అనే మాట ఒకటుందని నాకు నలభై దాటాక తెలిసింది. అదీ తెలుగు అక్షరాలు నేర్చుకున్నాక.

అందుకే ఒక శనివారం ఆన్‌లైన్ తరగతిలో, హైదరాబాదులో కూర్చున్న మాస్టారు మీ నవల ప్లాను ఏదమ్మా అని అడిగినప్పుడు, మర్యాదగా ఉన్నమాట చెప్పాను.

"నాకు తిట్టం రాదు సార్. తిట్టం లేకుండా రాస్తేనే నాకు కథ వస్తాది."

మాస్టారు "తిట్టడం రాకపోతే ఎలాగమ్మా? రచయితకి ముందు రావాల్సిందే అది" అన్నారు. తెరమీద అగ్గిపెట్టెలంత గళ్ళలో ఉన్న ముఖాలన్నీ నవ్వాయి. ఒకావిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఎందుకు నవ్వుతున్నారో నాకు తెలిసేసరికి ఆయన పక్కవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయారు. నేను మళ్ళీ మైకు నొక్కి, అది తమిళ మాట సార్, నేరం ఉంటే వివరంగా చెప్తాను అన్నాను. మాకు నేరం అంటే టైము. వాళ్ళకు ఏమిటో మీకు తెలుసు. రెండోసారి నవ్వు మొదటిదానికన్నా ఎక్కువసేపు సాగింది.

ఇది రాస్తుంటే ఇప్పుడూ నాకు ఒళ్ళు మండుతోంది. నాలుగు వందల ఏళ్ళుగా ఈ భాషను చంకనేసుకుని తమిళం మధ్యలో మోసుకుంటూ వస్తున్నాం. బళ్ళో చెప్పేవాళ్ళు లేరు, దుకాణం మీద బోర్డు లేదు, పేపరు లేదు. అయినా అమ్మ నోటినుంచి కూతురి నోటికి దిగుతూనే ఉంది. అలాంటి మాట రెండు ఊళ్ళు దాటేసరికి నవ్వులాటైపోయింది. ఈ వ్యాసం మాత్రం నేను నేర్చుకున్న అచ్చు తెలుగులోనే రాస్తున్నాను. తిట్టు అందరికీ అర్థం కావాలి గదా.

నేను తమిళ బళ్ళో సైన్సు చెప్తాను. తెలుగు అక్షరాలు పిల్లల వాచకం పెట్టుకుని నేనే దిద్దుకున్నాను. కొన్నాళ్ళకు కథలు రాయడం మొదలైంది. రెండు మూడు పత్రికల్లో వచ్చాయి. వాటిని చదివి హైదరాబాదునుంచి ఒకావిడ ఫోను చేశారు. ఆవిడ పుస్తకాలు వేస్తారు. మీ ఊరినుంచి, మీ మాటలో ఇంతవరకూ ఒక్క నవల కూడా నా చేతికి రాలేదు, మీరు రాయండి, నేను వేస్తాను అన్నారు. ఆ మాటకు నేను బళ్ళో స్టాఫ్ రూములో కూర్చుని ఏడ్చాను. షరతు ఒక్కటే. వాళ్ళ సంస్థ నడిపే నవలా తరగతిలో చేరాలి, అధ్యాయాల వారీగా ప్లాను గీయాలి, మాస్టారు దాన్ని సరేననాలి. ఆయన సరేనంటేనే పుస్తకం.

నా దగ్గర ఉన్నది ఒక్క దృశ్యం. మా ఊరి పక్కనున్న సేత్తూరులో ఒక పెద్ద ఇల్లు. అన్నదమ్ములు, వాళ్ళ పెళ్ళాలు, పెళ్ళి కాని పెద్దక్క. అందరికీ వండి పెట్టేది ఆమే. ఒకనాడు అన్నదమ్ములు వేరు పోదామనుకుని ముంగిట్లో సామాన్లు పంచుకుంటున్నారు. అండాలు, గంగాళాలు, రుబ్బురోలు, చివరికి కొబ్బరి కోరాము కూడా ఎవరికని మాట్లాడుకున్నారు. పెద్దక్క ఏ ఇంట్లో తింటుందో ఎవరూ మాట్లాడలేదు. ఆమె వంటింటి గడపలో నిలబడి ఉంది. అంతే. ఇది నాకు ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. తర్వాత ఆమె ఏం చేసిందో కూడా తెలియదు. అది తెలుసుకోవడానికే నవల రాయాలనుకున్నాను.

మాస్టారు దానికి ఒప్పుకోలేదు. ముగింపు తెలియనిదే మొదటి వాక్యం రాయకూడదట. కథను మూడు ముక్కలు చేయాలట, నడిమధ్యలో ఒక మలుపు ఉండాలట, నాయిక లక్ష్యం ఒక గడిలో, అడ్డంకి ఇంకో గడిలో రాసుకోవాలట. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమని మా అమ్మ అంటూండేది. ఆ మాట ఆయనతో అనలేదు. పుస్తకం ఆయన చేతిలో ఉంది. పాత క్యాలెండరు కాగితాలు తిరగేసి, బడినుంచి తెచ్చిన స్కెచ్ పెన్నులతో గళ్ళు గీసి, గోడకు అతికించాను. మొదటి భాగంలో పెద్దక్క అన్నీ సహిస్తుంది. నడిమధ్యలో ఇల్లు విడిచి వెళ్ళిపోతుంది. చివర్లో తమ్ముళ్ళు వచ్చి కాళ్ళమీద పడతారు. మాస్టారు చూసి, ఇప్పుడు దారిలో పడ్డారు అన్నారు.

రాయడానికి కూర్చుంటే ఒక్క ముక్క రాలేదు. వచ్చినదీ బోర్డుమీద ఉన్నది నోట్సులోకి ఎక్కించినట్టుంది. ఏం జరగబోతుందో నాకు తెలుసు, ఆమెకు తెలుసు, గోడకు తెలుసు. ఇంక ఎవరికోసం రాయడం? గడపలో నిలబడి ఉన్నంతవరకు ఆమె మనిషి. గడిలో పెట్టగానే బొమ్మైపోయింది. ఆడి నెల, అంటే మీ ఆషాఢం, గాలి కిటికీలోంచి కొట్టి ఆ కాగితాలు టపటపలాడుతుంటే చదువుకోవాలనే బుద్ధి కూడా పుట్టలేదు. ఒకరోజు మధ్యభాగం ఊడి బీరువా వెనక్కి పోయింది. తీయలేదు.

ప్లాను ఇష్టం లేనివాళ్ళకు కూడా పద్ధతులున్నాయని తరగతిలో ఇంకొకాయన చెప్పారు. అవీ చూశాను. చిన్న చిన్న అట్టముక్కలమీద దృశ్యాలు రాసి పేకముక్కల్లా కలపమన్నారు. కలిపాను. పేకాట వచ్చింది, కథ రాలేదు. చివరినుంచి వెనక్కి రాయమన్నారు. వెనక్కి నడిస్తే ముందుకు పోలేమని నాకు ముందే తెలుసు, అయినా నడిచాను. పాత్ర జాతకమంతా ముందు రాసుకోండి, ఆమెకు ఇష్టమైన రంగేమిటో కూడా తెలిసి ఉండాలి అన్నారు. ఆ ఇంట్లో ఎక్కడ తింటావమ్మా అని ఆమెను అడిగిన మనిషి లేడు. నేను పోయి రంగు అడగాలట.

అప్పుడు వచ్చింది కుక్క.

నా శ్రమ తగ్గిద్దామని మాస్టారే నా నవలకు ఒక ప్లాను తయారుచేసి పంపారు. మంచి మనసుతోనే పంపి ఉంటారు. తెరిచి చూస్తే మొదటి అధ్యాయంలోనే ఒక తెల్లటి వేటకుక్క. ఇల్లు వేరు పోయిన రోజు ఆ కుక్క అన్నం ముట్టదు. నడిమధ్యలో చిన్న తమ్ముడి బిడ్డను పాము కాటునుంచి కాపాడి చచ్చిపోతుంది. దాని సమాధి దగ్గర అన్నదమ్ములు ఒకటవుతారు. పెద్దక్క కూడా ఉంది. కుక్కకు అన్నం పెట్టే మనిషిగా.

ఫోను చేసి, ఇదేమిటి సార్ అని అడిగాను. రాజపాళయం అనగానే పాఠకుడికి గుర్తొచ్చేది కుక్కే కదమ్మా, దాన్ని వదిలేస్తే ఎలా అన్నారు.

మా ఊరి పేరుతో ఒక వేటకుక్కల జాతి ఉంది గనక ఈ మాట నేను పుట్టినప్పటినుంచీ వింటున్నాను. రైల్లో ఎవరైనా ఏ ఊరని అడిగితే చెప్పడానికి భయం. చెప్పగానే ఓ, కుక్కలు అంటారు. మా ఊళ్ళో మనుషులున్నారండీ. మిల్లుల్లో నూలు వడికేవాళ్ళున్నారు. మీకు దెబ్బ తగిలితే కట్టే గుడ్డ నేసేవాళ్ళు మా ఊరి చుట్టుపక్కలే ఉన్నారు. పత్తి దూది తలలో పడి, పాతికేళ్ళకే నెరిసినట్టు కనబడుతూ షిఫ్టు దిగి షేర్ ఆటో ఎక్కే ఆడవాళ్ళున్నారు. వాళ్ళెవరూ ఎవరికీ గుర్తు రారు. మా ఇంట్లో కుక్క ఎప్పుడూ లేదు. మా ఆయన కుక్కను చూస్తే రోడ్డు అవతలికి పోతారు. ఆ ముక్క కూడా మాస్టారితో చెప్పాను. అది కల్పన కదమ్మా అన్నారు.

ప్రచురణకర్త గారు ఫోను చేసి, మాస్టారి ప్లాను బాగుంది, సోమవారానికల్లా మీరు సరేనంటే ఈ ఏటి పుస్తకాల్లో పెట్టేస్తాం, లేకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇవ్వాల్సి వస్తుంది అన్నారు. చాలా నెమ్మదిగా, నొప్పించకుండా చెప్పారు. కటువుగా అని ఉంటే నేను అప్పుడే వద్దనేదాన్ని. మెత్తగా చెప్పబట్టి ఆలోచించుకుంటానన్నాను. ఆలోచించుకోవడానికి ఏముంది? సరేనంటే పుస్తకం వస్తుంది, కానీ అది కుక్క పుస్తకం. వద్దంటే ఆ గడపలో నిలబడ్డ మనిషి అక్కడే నిలబడిపోతుంది.

ఆదివారం ఉదయం వంట పొయ్యిమీద పెట్టి, వంటింటి పక్క గదిలో కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. మా ఆయన హాల్లో తమిళ పేపరు చదువుతున్నారు. ఆయన స్పిన్నింగ్ మిల్లులో టైం ఆఫీసులో పనిచేస్తారు. ఎవరితోనూ ఎదురుమాట్లాడరు. ఆయన నోట్లో నాలుక లేని మనిషని మా పుట్టింటివాళ్ళు మంచిగానూ అంటారు, చెడ్డగానూ అంటారు.

ముందు మాస్టారిని తిట్టాను. మనసులో కాదు, పైకే. ఆయన గళ్ళను తిట్టాను, మలుపులను తిట్టాను, కుక్కను కూడా రెండు అన్నాను. ఆయన హైదరాబాదులో ఉన్నారు, వినబడదు. కోపం తీరలేదు. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు అది తిరిగి తిరిగి పెద్దక్క మీదికి వచ్చింది. ఇన్నాళ్ళుగా నన్ను సతాయిస్తున్నది ఈమే గదా. ఈమె నోరు తెరిచి ఉంటే నాకు ప్లాను ఎందుకు, ఈ మాస్టారు ఎందుకు?

"ఏమి మనిషివి నువ్వు?" అన్నాను. "వాళ్ళు సామాన్లు పంచుతా ఉంటే కంబం మాదిరి నిలబడినావే, నోరు లేదా నీకు? ఇన్నేండ్లు ఒకే పొయ్యికాడ బతికినారు గదా అందరూ. నాకు యాడ అన్నం అని ఒక్క మాట అడిగితే నాలుక ఊడి పడతాదా? కుక్క అయినా మొరిగిండేది. నీకు రోషం లేదా?"

హాల్లో పేపరు చప్పుడు ఆగింది. మా ఆయన గొంతు వినబడింది.

"అడిగినారా నన్ను?"

నేను పెన్ను కింద పెట్టి హాలువైపు చెవి పెట్టాను.

"ఏ గిన్నె ఎవురికని అడిగినారు. ఏ గది ఎవురికని అడిగినారు. నువ్వు యాడ తింటావురా అని ఒకరూ అడగలే. అడుగుతారు, అడుగుతారని నిలబడే ఉండినాను. జవాబు కూడా తయారుగా పెట్టుకోని ఉండినాను."

లేచి హాల్లోకి వెళ్ళాను. ఆయన పేపరు ఒళ్ళో పెట్టుకుని గోడవైపు చూస్తున్నారు. నేను తిట్టింది తననే అనుకున్నారు. ఆయనది సేత్తూరే. అన్నదమ్ముల్లో ఆఖరివాడు. మా పెళ్ళికి ముందే వాళ్ళ అన్నలు వేరు పోయారని నాకు తెలుసు. ఫలానా ఏడు బోరు వేశారు, ఫలానా ఏడు వేరు పోయారు అన్నట్టు తెలుసు. ఆ రోజు పెళ్ళికాని తమ్ముడు ఒకడు ముంగిట్లో నిలబడి ఉన్నాడని తెలియదు. ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కసారి కూడా ఆయన ఆ మాట ఎత్తలేదు.

నీకు ఎవరు చెప్పారని అడిగారు. పెద్ద వదిన చెప్పి ఉంటుందని ఆయన అనుమానం. ఎవరూ చెప్పలేదు, అది కథ అన్నాను. కథా అన్నారు. నా ముఖంలోకి ఒకసారి చూసి, నమ్మకుండానే పేపరు మళ్ళీ ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. ఆ పేపరు తీయించి ఇంకా అడగడానికి నాకు నోరు రాలేదు.

గదిలోకి వచ్చి గోడమీద మిగిలిన కాగితాలు పీకేశాను. వాటిలో మొదటి భాగం అంతా పెద్దక్క సహించింది, సహించింది అని ఉంది. అబద్ధం. ఆమె సహించలేదు. అడుగుతారని ఎదురుచూసింది. జవాబు తయారుగా పెట్టుకుని ఎదురుచూసింది. సహించే మనిషి గురించి రాయడానికి ఏమీ ఉండదు. నోట్లో జవాబు పెట్టుకుని నిలబడ్డ మనిషి గురించైతే ఎంతైనా రాయొచ్చు. మధ్యాహ్నం మిల్లు సైరను మోగేదాకా తల ఎత్తలేదు. పొయ్యిమీద పప్పు మాడింది. మా ఆయన మజ్జిగ పోసుకుని తిన్నారు.

సోమవారం ఫోను చేసి కుక్క వద్దన్నాను.

నా పద్ధతి అలా దొరికింది. ఏ అధ్యాయం రాయాలన్నా ముందు అందులో ఉన్న మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని తిడతాను. పైకి, గట్టిగా, మా ఊరి మాటలో. తిట్టులో ఏముండదు చెప్పండి? నిన్న ఏం వెలగబెట్టావో ఉంటుంది. దానికి బదులు ఏం చేసి ఉండాల్సిందో ఉంటుంది. నీవల్ల ఎవరు ఏడుస్తున్నారో ఉంటుంది. నీ తాత ఎలాంటివాడో, నువ్వు ఎలా తయారయ్యావో ఉంటుంది. ఇలాగే పోతే రేపు ఏ గతి పడుతుందో అదీ ఉంటుంది. మాస్టారి గళ్ళన్నీ అందులోనే ఉన్నాయి. తేడా ఏమిటంటే, గడి నింపినవాడు నింపి ఊరుకుంటాడు. తిట్టు తిన్నవాడు ఊరుకోడు. ఎదురు చెప్తాడు. వాడు చెప్పే ఎదురుమాటే నా అధ్యాయం. దాని తర్వాతి అధ్యాయం సంగతి నాకు అక్కర్లేదు. రేపు తిట్టినప్పుడు చూసుకుంటాను.

పెద్దక్క రెండో మరదల్ని నేను దుర్మార్గురాలనుకున్నాను. ఇల్లు వేరు పోవడానికి ఆమే కారణమని ఆమెను దులిపేశాను. నోటికొచ్చినదంతా అన్నాక ఆమె అంది: పెద్దక్క యాడ తింటాదని అడగడానికి నేనే నోరు తెరిచినాను, మా ఆయన నా కాలు తొక్కినాడు. ఆ కాలు తొక్కడం ఏ ప్లానులో వస్తుంది? పెద్ద తమ్ముణ్ణి తిడితే వాడు నెత్తిన చేతులు పెట్టుకుని, అక్క ఎవరింట్లో తింటుందో అడిగితే రెండో వాళ్ళ ఇల్లు అంటుందేమోనని భయపడి అడగలేదన్నాడు. అప్పటిదాకా నేను వాణ్ణి బండరాయి అనుకున్నాను. తిట్టుకు ఎదురుమాట రాని మనిషికి నా కథలో పని లేదని కూడా తెలిసింది. న్యాయంగా ఉండాలని మాస్టారి కుక్కను కూడా ఒకసారి కూర్చోబెట్టి తిట్టి చూశాను. తోక ఆడించింది. తీసేశాను.

మా ఎదురింటావిడ తమిళావిడ. మా తెలుగు ఆమెకు ముక్క అర్థం కాదు, గొంతు మాత్రం అర్థమవుతుంది. రోజూ సాయంత్రం బడినుంచి రాగానే నేను మొదలుపెట్టడం ఆమె వింటూ వచ్చింది. ఒకరోజు గిన్నెలో పాయసం పట్టుకుని వచ్చి, నన్ను వదిలేసి మా ఆయన పక్కన కూర్చుని, ఆడవాళ్ళకు ఈ వయసులో కోపం ఎక్కువగా ఉంటుంది, మీరే కొంచెం సర్దుకుపోవాలి అని బుజ్జగించింది. ఆయన పాయసం తిని, సరేనన్నారు.

ఆ తర్వాతి తరగతికి ప్రచురణకర్త గారు కూడా వచ్చారు. అందరూ తమ గళ్ళు చూపించారు. నా వంతు వచ్చింది.

"తిట్టం తెచ్చినాను సార్" అన్నాను. "మా ఊరి తిట్టం కాదు. మీ ఊరి తిట్టం."

పెద్ద తమ్ముణ్ణి తిట్టిన తిట్టు, వాడి ఎదురుమాటతో సహా చదివాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. మాస్టారు గొంతు సవరించుకుని, ఇది సంభాషణ అవుతుంది గాని ప్లాను కాదమ్మా అన్నారు. ఇది పద్ధతి కాదు, దీనిలో మలుపు ఎక్కడుందో ఎవరికీ తెలియదు, పైగా ఈ వచ్చినాడు, పోయినాడు అన్నీ వచ్చాడు, వెళ్ళాడు చేసుకోవాలి అన్నారు. నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. మొదటిరోజు ఎగతాళిగా ఆయన అన్న మాటే నాకు పనికొచ్చిందని, రచయితకు ముందు తిట్టడమే రావాలని ఆయన నోటితోనే ఆయన అన్నారని, అప్పుడు చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. దానికి ఆయనకు రుణపడి ఉన్నానని ఒప్పుకోవడానికి ఇప్పటికీ మనసు రాదు.

అంతలో ప్రచురణకర్త గారు మైకు నొక్కి, "తర్వాత ఆ అక్క ఏమంది?" అని అడిగారు.

"తెలీదు మేడం. రేపు తిట్టితేగాని తెలీదు."

ఆవిడ కూడా పుస్తకం వేస్తానని అనలేదు. ప్లాను లేకుండా ముందే మాట ఇవ్వడం మా పద్ధతి కాదండీ, మొత్తం రాసి పంపండి, అప్పుడు చూద్దాం అన్నారు. ఆ ఏటి చోటు ఇంకొకరికి వెళ్ళింది. గడి నింపినవాళ్ళకు రాయకముందే చోటు, నింపనివాళ్ళకు రాశాక కూడా చూద్దాం. ఇదెక్కడి న్యాయమని ఆవిడనూ ఒకరోజు కూర్చోబెట్టి తిట్టాను. ఎదురుమాట రాలేదు గాని, తర్వాత ఆ అక్క ఏమందని అడిగినప్పటి ఆవిడ గొంతు గుర్తొచ్చి, తిట్టు సగంలో ఆపేశాను. నవల ఇప్పుడు ఆవిడ దగ్గరే ఉంది. చదువుతున్నారట.

ఆఖరి అధ్యాయం ఒక్కటి నన్ను చాలా ఏడిపించింది. కథ ఎన్ని తిప్పలు పడ్డా చివరికి తిరిగి ఆ ముంగిట్లోకే వచ్చింది. చిన్న తమ్ముడు పెద్దక్క దగ్గర కూర్చుని, ఆలస్యంగానైనా అడగవలసింది అడిగాడు. అక్కా, నువ్వు యాడ తింటావు? ఇంక ఆమె జవాబు చెప్పాలి. మొదటినుంచీ తయారుగా పెట్టుకున్న జవాబు. నాకు అది తెలియదు. ఎప్పటిలాగే తిట్టాను. ఇదో అడిగినారు గదా, ఇంకా ఏమి మూగనోము, చెప్పు అన్నాను. ఉలకలేదు, పలకలేదు. మర్నాడు ఇంకా గట్టిగా తిట్టాను. బతిమాలాను కూడా. ఆమె గడపలో నిలబడే ఉంది. అప్పుడు అనిపించింది, మాస్టారి ప్లాను ప్రకారం ఏదో ఒకటి రాసేద్దామా అని. తమ్ముళ్ళను కాళ్ళమీద పడేస్తే అయిపోతుంది. ఆ ఆలోచన వచ్చినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

నన్ను తిట్టుకుంటుంటేనే తట్టింది. ఆ జవాబు ఆమె దగ్గర లేదు. జవాబు ఉన్న మనిషి పక్క హాల్లో పేపరు చదువుతున్నారు. అన్నలు అడగలేదు. వదినలు అడగలేదు. ఆ ఆదివారం ఆయన నోటితోనే విన్నాక కూడా, ఇన్ని అధ్యాయాలు రాస్తూ, ఎంతమందినో నిలబెట్టి కడిగేస్తూ, అసలు మాట నేనూ అడగలేదు.

వెళ్ళి ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"ఆ పొద్దు వాళ్ళు అడిగింటే, మీరు ఏమని చెప్పిండేవారు?"

ఆయన దేనిగురించి అని అడగలేదు. పేపరు మడిచారు. మడత సరిగ్గా రాలేదని విప్పి మళ్ళీ మడిచారు.

"ఒక్కో పూట ఒక్కో ఇంట్లో తింటానని చెప్పిండేవాణ్ణి" అన్నారు. "పొద్దున పెద్దన్న ఇంట్లో, మధ్యాన్నం నడిమన్న ఇంట్లో. అట్లయితే వేరు పోయినట్టే ఉండదు గదా."

నాకు కోపం వచ్చింది. వాళ్ళ అన్నలమీద, ఆ గంగాళాలమీద, ఇంత చిన్న మాటను ఇన్నేళ్ళు మింగి కూర్చున్న ఈ మనిషిమీద. తిడదామని నోరు తెరిచాను. ఎన్ని నెలలుగానో పిలవకుండానే వచ్చిన మాటలు ఒక్కటీ రాలేదు. ఆ రోజు నా దగ్గర మా ఊరి తిట్టమూ లేదు, మాస్టారి ఊరి తిట్టమూ లేదు. వంటింట్లోకి వెళ్ళి అన్నం వార్చి, కంచం చేత్తో పట్టుకుని వచ్చి, ఎక్కడ కూర్చుని తింటారని ఆయన్ని అడిగాను.